మొండి బోల్టుకు మొరటుతనం పనికిరాదు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు వీధులన్నీ మునిగాయి గుర్తుందా? మా బావమరిది ఇల్లు అక్కడే. నీళ్లు తీశాక చూస్తే వాకిట్లో మోటార్ సైకిల్ బురద ముద్దలా ఉంది. అది కదిలితేనే అతనికి ఉద్యోగం.

‘ఒక కిక్ కొట్టి చూద్దామా బావా?’ అన్నాడు. వద్దన్నాను. మునిగిన బండిని స్టార్టు చేయకూడదు. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులను కాపాడదు. సిలిండర్లో నీళ్లు నిండి ఉంటే పిస్టన్ పైకి వెళ్లలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అందుకే ముందు ఇంజన్ అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ తీసెయ్యాలి.

ఇంత తెలిసిన నేను చేసిందేమిటి? సరైన సైజు పానా దొరక్క, అడ్జస్టబుల్ స్పానర్ పట్టి బలం కొద్దీ లాగాను. జారింది. మళ్లీ లాగాను. మళ్లీ జారింది. మూడోసారికి ఆరు మూలల బోల్టు తల కాస్తా రేగిపండులా గుండ్రమైంది!

ఇక బండిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించి ఆటోనగర్ దారి పట్టాం. బెంజి సర్కిల్ దాటాక బందరు రోడ్డు పక్కన ఉండే ఈ పేట లారీ బాడీలకూ, లేత్ మిషన్లకూ, పాత సామానుకూ పెట్టింది పేరు. ఓ పెద్ద మేస్త్రి వంగి చూసి, ‘ఎన్నిసార్లు జారిందండీ?’ అన్నాడు. మూడన్నాను. ‘మొదటిసారి జారగానే ఆగి ఉంటే రెండు నిమిషాల పని’ అన్నాడు.

అసలు బోల్టు ఎందుకు బిగుసుకుపోతుంది? ఇనుము తుప్పు పడితే ముందున్నదానికి రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. త్రెడ్డు సందుల్లో ఇక ఖాళీ ఉండదు. అల్యూమినియం ఇంజన్లో ఉక్కు బోల్టుకు తడి తగిలితే అల్యూమినియం తెల్లటి పొడిగా మారి పట్టేస్తుంది. చాలాసార్లు అసలు కారణం ఇంకా చిన్నది... కిందటిసారి ఎవరో అవసరానికి మించి బిగించడం!

మేస్త్రి ముందు తల చుట్టూ బురదను వైర్ బ్రష్‌తో శుభ్రం చేశాడు. ఆకురాయితో బోల్టు తలకు ఎదురెదురుగా రెండు వైపులా చదును చేశాడు. 17 నంబరు తలకు ఇప్పుడు 16 నంబరు పానా బిగువుగా పట్టింది. సుత్తితో మెల్లగా రెండు తట్లు తట్టి తిప్పాడు. ‘టక్’మంది. ముందు నీళ్లు, ఆ వెనుక పాలు పోసిన టీలాంటి ఆయిల్ కారాయి. బావమరిది ముఖంలోకి అప్పుడు రక్తం వచ్చింది.

మీ ఇంట్లో ఇలాంటి బోల్టు ఎదురైతే ఈ వరసలో వెళ్లండి. తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే చేసి రాత్రంతా వదిలేయండి. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, బోల్టు దగ్గర ఆలస్యమే అమృతం. అయితే బ్రేక్ డిస్కు, ప్యాడ్ల మీద మాత్రం ఆ నూనె పడనివ్వకండి. తల మీద సుత్తితో తట్టండి, ఆ అదురుకు తుప్పు పగులుతుంది. ఆరు మూలల సాకెట్ వాడండి. పన్నెండు మూలల దానికంటే అది జారదు. ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత విప్పండి. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి, బోల్టు చుట్టూ వేడిగాలి కొట్టినా పట్టు సడలుతుంది. పెట్రోల్ ట్యాంకు దగ్గర మాత్రం మంట వద్దే వద్దు.

విప్పే దిశ కూడా చూసుకోవాలి. కొన్ని యమహా బండ్లకు కుడివైపు అద్దం మర తిరకాసుగా ఉంటుంది. విప్పుతున్నామనుకుని బిగిస్తాం!

తల పూర్తిగా పోతే గ్రిప్ ప్లయర్ ఉంది. అదీ పట్టకపోతే వెల్డర్ దగ్గరకు వెళ్లండి. ట్యాంకు దించి, బ్యాటరీ వైరు తీసి, అరిగిన తల మీద కొత్త నట్టు వెల్డింగ్ చేస్తారు. తిప్పడానికి కొత్త తల వస్తుంది, ఆ వేడికి తుప్పు కూడా వదులుతుంది. బోల్టు లోపలే విరిగితే డ్రిల్లు వేసి తీయాలి. ఆ పని లేత్ వాళ్లకే వదిలేయండి. డ్రిల్లు పక్కకు పోతే వంద రూపాయల పని కాస్తా ఇంజన్ కేసు ఖరీదు అవుతుంది.

తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషరు వేసి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. ఆ తర్వాత బండితో వచ్చిన పుస్తకంలో రాసినంతే బిగించండి. బలం చూపించే చోటు అది కాదు.

బండి మళ్లీ నడుస్తోంది. మా ఇంట్లో ఇప్పుడు 17 నంబరు రింగు స్పానర్ ఉంది. అడ్జస్టబుల్ స్పానర్‌ను మాత్రం మా ఆవిడ ఎక్కడో దాచేసింది.