పరీక్ష ఆగితే వయసు ఆగుతుందా?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. బ్యాంకు, పోలీసు, గ్రూప్స్... వాటి పక్కనే సైన్యం ఉద్యోగాలూ! నల్గొండ వైపు ఊళ్ల నుంచి వచ్చి, ఎల్బీనగర్ దాకా ఉన్న హాస్టళ్లలో చదువుకునే వాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు. పంపే తల్లి ఫీజు లెక్కేసుకుంటుంది, హాస్టల్ ఖర్చు లెక్కేసుకుంటుంది. మరి పిల్లల వయసో?

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 2022లో చూశాం. కొవిడ్ పేరుతో రెండేళ్లు సైన్యంలో జవాన్ల భర్తీ ఆగిపోయింది. పరుగు నెగ్గి, మెడికల్ కూడా పాసైన కుర్రాళ్లు రాతపరీక్ష కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూశారు. జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. సగం దారి నడిచినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు! గరిష్ఠ వయసు 21 ఏళ్లన్నారు. గొడవలు మొదలయ్యాక, జూన్ 16 రాత్రి, ఆ ఒక్క ఏడాదికీ 23కి పెంచారు. మర్నాడే సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. రైళ్లు తగలబెట్టడం తప్పే. కానీ ఆ సడలింపేదో మొదటిరోజే చెప్పి ఉంటే?

2023 నుంచి పద్ధతి మారింది. ముందు కంప్యూటర్ మీద రాతపరీక్ష, నెగ్గినవాళ్లకే పరుగు. ర్యాలీలో తొక్కిసలాడే జనం తగ్గారు, నిజమే. అయితే భారం కోచింగ్ మీదికి, అంటే అమ్మానాన్నల జేబు మీదికి మళ్లింది.

ఆడపిల్లల సంగతి మరీ సున్నితం. సైన్యంలో మహిళా మిలిటరీ పోలీసు తొలి బ్యాచ్ 2021లో బయటికొచ్చింది. వాళ్లు 83 మందే. అగ్నిపథ్ తొలి ఏడాదికి మూడు దళాల్లోనూ కలిపి ప్రకటించినవి సుమారు 46 వేల ఉద్యోగాలు! ఆఫీసరు కావాలనుకునే అమ్మాయిలకు 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఎన్‌డీఏ దారి తెరుచుకుంది. 2025 మేలో తొలి 17 మంది శిక్షణ ముగించారు. దారులున్నాయి, కానీ ఇరుకైనవి.

అందుకే ఫీజు కట్టేముందు నోటిఫికేషన్ మీరే చదవండి, లేదా చదివించుకోండి. అమ్మాయిలకు ఎన్ని పోస్టులు? పుట్టినతేదీ ఏ రోజు నాటికి చూస్తారు? ఈ రెండూ చెప్పలేని సెంటరుకు డబ్బెందుకు? డిగ్రీ మాత్రం మాన్పించకండి.

ఇక సర్కారు చేయాల్సిందీ ఒకటుంది. భర్తీ మధ్యలో ఆపితే, ఎన్నాళ్లు ఆపారో అన్నాళ్లూ వయసు సడలింపును ఆ రోజే ప్రకటించాలి. స్టేషన్లు తగలబడ్డాక కాదు.