నడుము నొప్పితో ఆడితే గొప్పేనా?

నడుము నొప్పి ముసలివాళ్లకో, మూటలు మోసేవాళ్లకో వచ్చేదని మనలో చాలామంది అనుకుంటారు. తుక్కుగూడ, రావిర్యాల, మంఖాల్ చుట్టుపక్కల తెల్లవారకముందే గ్రౌండుకు వెళ్లే పిల్లలను ఒకసారి అడిగి చూడండి. ఒకరికి బౌలింగ్ వేసేటప్పుడు నడుములో పోటు. ఇంకొకరు షాట్‌పుట్ విసిరిన మర్నాడు వంగి చెప్పులు వేసుకోలేరు. కబడ్డీ ఆడే మరొకరికి తుమ్మితే పిక్క దాకా లాగుతుంది. చెబితే ఆట మానిపిస్తారన్న భయంతో ఇంట్లో చెప్పరు. ఆసుపత్రికి వచ్చేసరికి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. అప్పటికే ఒక బెల్టు, నాలుగైదు ఇంజక్షన్లు అయిపోయి ఉంటాయి.

ఎందుకు ఓర్చుకున్నావు బాబూ అంటే, పెద్ద ఆటగాళ్లు ఓర్చుకోలేదా అని ఎదురు అడుగుతారు. నిజమే. 2010 అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియా మీద మన హైదరాబాదు లక్ష్మణ్ నడుము పట్టేసినా, సురేశ్ రైనాను రన్నర్‌గా పెట్టుకుని 73 పరుగులతో నిలబడి ఒక్క వికెట్ తేడాతో గెలిపించారు. మేమూ సంతోషించాము. అయితే ఆ తర్వాత బెంగళూరులో జరిగిన టెస్టులో ఆయన ఆడలేదన్న సంగతి ఈ పిల్లలకు ఎవరూ చెప్పరు. అప్పటికి ఆయన ముప్పై అయిదేళ్లవారు, పక్కనే ఫిజియో ఉన్నారు. పదహారేళ్ల పిల్లవాడి ఎముక ఇంకా గట్టిపడలేదు, అతని పక్కన ఎవరూ లేరు. (రన్నర్‌ను ఇవ్వడం కూడా 2011 నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో ఆపేశారు.)

ఆటలో వచ్చే నడుము నొప్పి చాలావరకు కండరం బెణికినదే. కొన్ని వారాలలో దానంతట అదే తగ్గుతుంది, దీనికి స్కానింగ్ అవసరం లేదు. కొందరికి డిస్క్ ఉబ్బి నరాన్ని నొక్కుతుంది. ముందుకు వంగితే, ఎక్కువసేపు కూర్చుంటే నొప్పి పెరిగి కాలిలోకి దిగుతుంది. ఇది కూడా ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే నయమవుతుంది.

మేము భయపడేది మూడో రకానికి. వెన్నుపూస వెనుక భాగంలో సన్నని ఎముక ఉంటుంది. నడుమును వెనక్కి వంచి పక్కకు తిప్పే పని వేలసార్లు చేస్తే అక్కడ వెంట్రుకవాసి పగులు వస్తుంది. ఎక్కువగా అయిదవ నడుము పూసకు, ఫాస్ట్ బౌలర్లకు, జిమ్నాస్టిక్స్ చేసేవారికి, బరువులెత్తేవారికి వస్తుంది. కుడిచేతి బౌలర్‌కు సాధారణంగా ఎడమ పక్క నొప్పి. వెనక్కి వంగితే పోటు, ఆడితే ఎక్కువ, పడుకుంటే తక్కువ. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, 'ఏమీ లేదు' అన్న మాట విని పిల్లవాడు మళ్లీ బంతి పట్టుకుంటాడు. అందుకే ఎదిగే వయసు ఆటగాడికి ఇలాంటి నొప్పి మూడు వారాలు దాటితే పగులు కాదని తేలేదాకా పగులనే అనుకోవాలని మేమంటాము. వీరికి ఎం.ఆర్.ఐ. ఖర్చు దండగ కాదు. జస్‌ప్రీత్ బుమ్రాకు 2019లో ఈ పగులు బయటపడింది. 2022లో నడుము వల్లే ప్రపంచకప్ పోయింది, 2023 మార్చిలో ఆపరేషన్ అయ్యాక ఆగస్టులో గానీ మళ్లీ ఆడలేదు. అన్ని వసతులున్న ఆటగాడికే అంత కాలం పట్టింది.

ఇక ఉద్యోగం కోసం పరుగెత్తే పిల్లల సంగతి. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలి. ఏడాదంతా పుస్తకాల ముందు కూర్చుని, ఆఖరి నెలలో ఒక్కసారిగా గుండు పట్టుకుంటారు. నడుము పట్టేస్తుంది. పోటీ రోజు ఉదయం నొప్పి తెలియకుండా ఇంజక్షన్ చేయించుకుని వెళతారు. ఇంటి పరిస్థితి తెలిసినవాళ్లం, వాళ్లను తిట్టడానికి మాకు నోరు రాదు. ఆ ఇంజక్షన్ పొడిచేవాళ్ల మీద మాత్రం కోపమే. నొప్పిని దాచేస్తే గాయం తగ్గదు, పైగా చెమటలు కారే ఒంటికి ఈ మందులు మూత్రపిండాలను, కడుపును దెబ్బతీస్తాయి.

విశ్రాంతి అంటే మంచం కాదు. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే కండరాలు నీరసించి నొప్పి ముదురుతుంది. నొప్పి తెప్పించే పనినే ఆపాలి, నడక మానకూడదు. పగులు అయితే ఆట కనీసం మూడు నెలలు బంద్. నొప్పి తగ్గాక ఫిజియోథెరపిస్టు చూపించినట్టు పొట్ట, పిరుదు, వెన్ను కండరాలను బలపరచాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, మోకాళ్లు చేతుల మీద ఉండి ఒక చెయ్యి, ఎదురు కాలు చాచి నిలపడం వంటివి. చూడటానికి తేలిక, రోజూ చేయడం కష్టం. తర్వాత మెల్లగా పరుగు, ఆ తర్వాత సగం వేగంతో బౌలింగ్, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు వారం రెండు వారాలు పెట్టుకోవాలి. నొప్పి తిరిగి వస్తే ఒక మెట్టు దిగాలి. ఇక్కడ తొందరపడేది పిల్లల కన్నా పెద్దలే.

మూత్రం ఆగిపోవడం, మలమూత్ర స్థానాల దగ్గర స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవకపోవడం కనిపిస్తే ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోండి. జ్వరం, బరువు తగ్గడం, నిద్రలో కూడా వదలని నొప్పి ఉంటే క్షయ గురించి కూడా పరీక్ష చేయించాలి. అది వెన్నుపూసకూ వస్తుంది.

కోచ్‌లకు, టీమ్ పెద్దలకు మా కోరిక ఒక్కటే. పరుగులు లెక్క రాసే పుస్తకంలోనే ఒక్కో పిల్లవాడు వారానికి ఎన్ని బంతులు వేశాడో, నెట్స్‌తో సహా, రాయండి. ఒకే కుర్రాడు మూడు టీముల తరఫున ఆడటం ఇక్కడ మామూలే, అతని లెక్క ఎవరి దగ్గరా ఉండదు. నడుము నొప్పితో ఓ.పి.కి వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలతో పాటు ఆ కాగితం కూడా తెండి.