కాగితముమీది నిషేధము

మోటారు తోలుటకు అనర్హుడని న్యాయస్థానము తీర్పు చెప్పినవాడు మరునాడే బండి యెక్కినచో మన దేశమున నడ్డగించు నాథుడెవడు? 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 182వ సెక్షను అట్టివానికి 3 మాసముల వరకు ఖైదు విధించుచున్నది. 500 రూపాయల జరిమానాను 2019లో పార్లమెంటు 10,000 రూపాయలకు బెంచినది. కాని పట్టుబడనివానికి జరిమానా యెంతయైన నేమి? కూడలిలోని కెమెరా బండి నంబరును జదువును, తోలువాడెవడో యెరుగదు. చలానా యజమాని యింటికి జేరును, అనర్హుడు తన దారిని దాను బోవును.

అర్హత లేనివానికి బండి యీయరాదని 5వ సెక్షను యజమానులను శాసించుచున్నది. డ్రైవరును కొలువులో జేర్చుకొనునాడు లైసెన్సు చూచినవారు, పిదప నది రద్దయినదో లేదో విచారించుచున్నారా?

పొట్టకూటికై తోలుచున్నాడని జాలిపడువారు గలరు. బాటసారికి మాత్రము ఆలుబిడ్డలు లేరా?

లైసెన్సుల వివరములు ప్రభుత్వపు 'సారథి' పట్టికలలో నున్నవి. బండి నాపిన ప్రతి పోలీసు ఉద్యోగియు తోలువాని లైసెన్సును ఆ పట్టికతో సరిచూడవలెననియు, తెలిసి బండి యిచ్చిన యజమానిపై 180వ సెక్షను క్రింద కేసు పెట్టవలెననియు మేము కోరుచున్నాము. కావలి యున్నదని చాటింపు వేసినంతమాత్రమున పశువులు చేను మేయక మానునా?