మారు వడ్డన

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఈమధ్య ఫోనులో మాట్లాడుతూ, తమ ఊళ్ళో "తిన్నంత సుషీ" పెట్టే భోజనశాలలను ఒకదానితో ఒకటి పోల్చి చెప్పాడు. ఒకచోట గంటన్నర గడువట. ఇంకొకచోట పళ్ళెంలో ముక్కలు మిగిలితే విడిగా డబ్బు కట్టాలట. పైనున్న చేప తినేసి కిందనున్న అన్నం వదిలేసే గడుసువాళ్ళు ఉంటారు కనుక, అన్నం వదిలినా జరిమానాయేనట.

"మీ ఉప్పల్లో ఇలాంటివి లేవా మామయ్యా?" అని అడిగాడు. సుషీ మాట ఎలా ఉన్నా, ఒకే ధరకు తిన్నంత పెట్టడం మనకు కొత్త కాదు. మన మెస్సుల్లో దాన్ని ఫుల్ మీల్స్ అంటారు.

సుషీ పుట్టిన దేశంలోనే ఈ పద్ధతికి ఒక చిత్రమైన చరిత్ర ఉంది. 1958లో టోక్యోలోని ఇంపీరియల్ హోటలు స్కాండినేవియా విందు పద్ధతిని అనుకరించి "ఇంపీరియల్ వైకింగ్" అన్న పేరుతో బఫే భోజనశాల తెరిచింది. అందువల్లనే జపానువాళ్ళు నేటికీ బఫేను "బైకింగు" అంటారు. సరిగ్గా ఆ ఏడాదే యోషిఆకి షిరాయిషి అనే ఆయన ఒసాకా ప్రాంతంలో, తిరిగే పట్టీమీద సుషీ పళ్ళాలు నడిపించే అంగడి పెట్టాడు. అక్కడ ఖాళీ పళ్ళాలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటారు. లెక్కలేని తిండీ, లెక్కించే తిండీ ఒకే ఏట మొదలయ్యాయన్నమాట. ఆ రెంటి తగవు ఇప్పుడు మా పేటకూ వచ్చింది.

నేను ఎరిగిన మూడు చోట్ల సంగతి చెబుతాను. పేర్లు అనవసరం.

మొదటిది ఉప్పల్ రింగురోడ్డుకు దగ్గరలోని ఒక మెస్సు. వరంగల్ బస్సు దిగినవాళ్ళు, కోర్టు పనులకూ ఆసుపత్రులకూ వచ్చినవాళ్ళు అక్కడ తింటారు. పప్పు, వేపుడు, ఒక పులుసుకూర, రోటిపచ్చడి, సాంబారు, చారు, పెరుగు. రుచి మధ్యరకం. కాని వడ్డించే మనిషి మన ముఖం చూడడు, విస్తరి చూస్తాడు. అన్నం తరిగిందంటే అడగకుండానే బేసిను ఒంపుతాడు. చాలని చెయ్యి అడ్డం పెట్టవలసింది మనమే.

రెండవది ఉప్పల్ నుంచి హబ్సిగూడ వెళ్ళే దారిలో ఉన్న బఫే. మెస్సులో కట్టేదానికి అయిదారు రెట్లు కట్టాలి. అక్కడ తినడానికి పొద్దున టిఫిను మానేసి వచ్చినవాళ్ళను చూశాను. మొదట కబాబులు, రొయ్యలు. అన్నం జోలికి పోతే నష్టపోయామన్న లెక్క. కట్టిన డబ్బు రాబట్టుకోవాలన్న పట్టుదలతో ఆకలి తీరిన తరువాత కూడా తింటారు. నేనూ తిన్నాను. తిరిగి వస్తూ మెట్రోలో కూర్చోలేక నిలబడ్డాను.

మూడవది నాచారం పారిశ్రామికవాడలో ఉంది. నా కథ దానితో ముడిపడినది.

నేను పాతికేళ్ళ వయసులో అక్కడొక కర్మాగారంలో ప్యాకింగు విభాగంలో పనిచేశాను. రోజుకు ఒకటే భోజనం. మధ్యాహ్నం రెండుగంటలకు ఆ మెస్సులో ఫుల్ మీల్స్ తింటే, రాత్రికి రెండు అరటిపళ్ళతో సరిపెట్టుకునేవాణ్ణి. మూడోసారి అన్నం అడగడానికి సిగ్గుపడి విస్తరిలో వేళ్ళు కదుపుతూ కూర్చుంటే, వడ్డించే పెద్దాయన "పెరుగులోకి వద్దా బాబూ" అంటూ తానే పెట్టేవాడు. ఆ మాటలోని మర్యాద నాకు ఇప్పటికీ గుర్తు.

చాలా ఏళ్ళ తరువాత మొన్న అక్కడికి వెళ్ళాను. బోర్డుమీద ఫుల్ మీల్స్ లేదు. కొలిచిన అన్నంతో ప్లేట్ మీల్స్ మాత్రమే. మళ్ళీ అన్నం కావాలంటే విడిగా డబ్బు. నాకు మధుమేహం, పళ్ళెంలో సగం మిగిలింది. ఎదురుగా ఇరవై ఏళ్ళ కుర్రవాడు, పొరుగు రాష్ట్రం నుంచి వచ్చినట్టున్నాడు, పళ్ళెం శుభ్రంగా ఊడ్చి, వచ్చీరాని తెలుగులో అన్నం ధర అడిగాడు. విని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి లేచిపోయాడు. పిలిచి పెట్టించాలనుకున్నాను. నోరు పెగలలేదు. అతని ముందు అన్నదాతగా నిలబడడానికి సిగ్గేసింది.

"ఎవరు తిన్నదానికి వారు కట్టడమే న్యాయం కదా" అంటాడు యజమాని. వినడానికి బాగుంది. అద్దెలు పెరిగాయి, బియ్యం ధర పెరిగింది, గ్యాసు పెరిగింది. అతని కష్టం నేను కాదనను. కాని ఫుల్ మీల్స్ లెక్క వేరు. అందరూ ఒకే ధర కడతారు. కొందరు తక్కువ తింటారు, కొందరు ఎక్కువ తింటారు. తక్కువ తిన్నవాడి మిగులే ఎక్కువ ఆకలిగలవాడి మారు వడ్డన. నా పాతికేళ్ళ వయసులో నా మూడో వడ్డనకు డబ్బు కట్టినవాళ్ళు నా పక్కన కూర్చున్న చిరుతిండి పెద్దమనుషులు. ఆ సంగతి వారికీ తెలియదు, నాకూ తెలియదు. కనుకనే అందులో దానం లేదు, చెయ్యి చాచడం లేదు.

2014లో నగరపాలక సంస్థ మొదలుపెట్టి, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లుగా పేరు మార్చిన అయిదు రూపాయల భోజనం ఎంతో మేలైన పని. అయినా అది కొలిచి పెట్టే భోజనం, వరుసలో నిలబడి తీసుకునేది. మెస్సులో డబ్బు కట్టి విస్తరి ముందు కూర్చున్నవాడి దర్జా వేరు.

వృథా మాటేమిటని అడగవచ్చు. మారు మారుగా, అడిగినంత వడ్డించే చోట వృథా తక్కువ. మొన్న సగం పారబోసింది కొలిచి పెట్టిన నా పళ్ళెమే. తొలి వడ్డన కొద్దిగా పెట్టి, తరువాత అడిగిందల్లా పెడితే నాదీ మిగలదు, ఆ కుర్రవాడూ ఆకలితో లేవడు.

కనుక నా అభిప్రాయం ఇది. ధర పెంచవలసివస్తే ఇరవై రూపాయలు పెంచండి, వేపుడు తీసెయ్యండి, అప్పడం మానెయ్యండి. మారు అన్నం మాత్రం తీసెయ్యకండి. నాబోటి పిడికెడు తినేవాళ్ళం ఆ ఇరవై రూపాయలూ కడతాం. నా పాత బాకీ ఒకటి ఎలాగూ ఉంది. వచ్చేవారం వెళ్ళి ఈ మాట యజమానితోనే అందామనుకుంటున్నాను.

మీ పేటలో అడగకుండా మారు వడ్డించే మెస్సు ఏదైనా ఇంకా మిగిలి ఉందా?