సుంకమునకు గడువు కలదు, పనికి గడువు లేదా?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు కుటుంబములకు రాష్ట్రపు సరిహద్దు పటముపై గీత మాత్రమే. కూతునిచ్చినది కుప్పములో, కుమారుని కొలువు బెంగుళూరులో, అంగడి హోసూరులో. కాని ఒకరు కాపురముండిన యింటిని సరిహద్దు కావల మారుబేరమున కొనబోయిన నాడు ఆ గీతయే గోడయై నిలుచుచున్నది.

సుంకము చెల్లించుటకు మనము వెనుదీయువారము కాము. తమిళనాట 2023 నుండి స్టాంపు సుంకము 7, రిజిస్ట్రేషను రుసుము 2, వెరసి నూటికి 9. అనగా 60 లక్షల యింటికి 5,40,000 రూపాయలు. కర్ణాటకమున రిజిస్ట్రేషను రుసుమును 2025 ఆగస్టు 31 నుండి నూటికి 1 బదులు 2 చేసిరి. పెంచిన దినముననే వసూలు మొదలైనది. ప్రజల పనిలో ఆ వేగమేది?

ఆదాయపు పన్ను సంగతి చూడుడు. 2013 జూన్ నుండి 50 లక్షలు గాని అంతకు మించి గాని వెలగల యింటిని కొనువాడే, అమ్మువాని సొమ్ములో నూటికి ఒకటి పట్టి, ఆ నెల ముగిసిన 30 దినములలో ప్రభుత్వమునకు కట్టవలెను. దాటినచో వడ్డీ. అమ్మువాడు విదేశవాసి యైనచో 50 లక్షల హద్దే లేదు; పట్టవలసిన మొత్తమును హెచ్చు. తగ్గింపు ధ్రువపత్రమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. అది వచ్చులోపల బేరపు గడువు తీరును, బయానా చిక్కుపడును, అప్పుపై వడ్డీ పెరుగును. మన పిల్లలెందరో విదేశములందున్నారు గనుక ఈ చిక్కు రేపు మన యింటిదే.

ఇక కాగితములు. ఇచట పట్టా, చిట్టా. కర్ణాటకమున ఖాతా, పహణి. ఆంధ్రమున అడంగలు, 1-బి. రిజిస్ట్రేషను చట్టము దేశమంతటికి ఒక్కటే, 1908 నాటిది. ఆస్తి యున్న చోటనే నమోదు చేయవలెనని దాని శాసనము. న్యాయమే. కాని ఏయే కాగితములు కావలెనో ముందుగా ఒక పట్టీ వ్రాసి యిచ్చుటకు అడ్డమేమి? మొదటి దినమున ఒకటి, పదవ దినమున వేరొకటి అడుగుట ఏ చట్టములోనిది?

మన యిండ్లలోని పాత దస్తావేజులు తెలుగున నున్నవి. వానిని చూడగానే తర్జుమా తెమ్మనుట వాడుకయైనది. ఆ చట్టపు 19వ సెక్షను చెప్పునదేమి? అధికారికి తెలియనిదై, జిల్లాలో సామాన్యముగా వాడుకలో లేనిదియునైన భాషలోని దస్తావేజుకే తర్జుమా కావలెను. కృష్ణగిరి జిల్లాలో తెలుగు వాడుకలో లేదని చెప్పగలవారెవరు? కొత్త దస్తావేజుకే ఈ నియమమైనపుడు, దాని వెనుకనున్న లింకు దస్తావేజుకు హెచ్చు నిర్బంధమెందుకు?

మోసములను అరికట్టుటకే ఇదంతయు అందురు. దొంగ దస్తావేజులు కలవు, కాదనము. కాని ఒకే కాగితమును ముమ్మారు తెప్పించుటవలన దొంగ చిక్కడు, నిజాయితీపరుడు అలసిపోవును. అలసినవాడు దళారి గుమ్మము త్రొక్కును. అచట మొదలగును అసలు మోసము.

మనవారికిని ఒక మాట. విసిగి, జనరల్ పవరాఫ్ అటార్నీ వ్రాయించుకొని యిల్లు కొన్నామని తృప్తిపడువారు కలరు. అట్టి పత్రమువలన హక్కు సంక్రమింపదని సుప్రీంకోర్టు 2011లోనే తీర్పు చెప్పినది. సుంకము మిగిలెనని సంతసించినవాని బిడ్డలు కోర్టు మెట్లెక్కుదురు.

కావున మనము కోరునవి మూడు. కావలసిన కాగితముల పట్టీని తెలుగునను ప్రకటింపవలెను. తాలూకా జనసంఖ్యలో నూటికి 15 మందికి తక్కువ కాని భాషలో ముఖ్య నియమములు ప్రకటించుట భాషా అల్పసంఖ్యాకులకు అంగీకరించిన రక్షణయే. అర్జీ పుచ్చుకొన్న దినమునే రసీదు, పని ముగియు తేదీ వ్రాసి యియ్యవలెను. తిరస్కరించినచో కారణము వ్రాతమూలమున తెలుపవలెను.

రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము కష్టనివారణకై రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నపము చేసికొనవచ్చును. సోదరులారా, నోటిమాటతో తిరిగి రాకుడు. తెలుగున అర్జీ వ్రాయుడు, నకలు దాచుడు, రసీదు అడుగుడు. అడుగనివానికి అమ్మయైనను అన్నము పెట్టదు.