రోజూ ఫ్లాష్‌బ్యాకేనా?

1991లో సింగీతం శ్రీనివాసరావుగారు ‘ఆదిత్య 369’లో బాలకృష్ణను టైమ్ మెషిన్ ఎక్కించి రాయలవారి కాలానికి పంపారు. పంపినవారు తిరిగి తీసుకొచ్చారు కూడా! మా వీధి చివరి కుర్రాడి కంప్యూటర్ మాత్రం రోజూ పొద్దున్నే 2009 జనవరి ఒకటో తేదీకి వెళ్ళి అక్కడే మకాం పెట్టేది.

నవ్వకండి. ఆ కుర్రాడు అందులో ఒక షార్ట్ ఫిల్మ్ ఎడిట్ చేస్తున్నాడు. పోటీకి పంపడానికి మూడే రోజుల గడువు. సినిమా పంపుదామంటే సైటు తెరుచుకోదు... ‘సురక్షితం కాదు’ అంటూ అడ్డం పడుతుంది. పడదూ మరి? ప్రతి సైటుకీ ఒక సర్టిఫికెట్, దానికి మొదలూ ముగింపూ తేదీలూ ఉంటాయి. 2009లో కూర్చున్న కంప్యూటర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు! పైగా ఫైళ్ళన్నిటి మీదా అదే పాత తేదీ. చివరగా కోసిన రీలేదో, మొదట కోసిందేదో తెలిస్తే ఒట్టు.

రిపేరు షాపులో చూపిస్తే, ‘మదర్‌బోర్డు పోయింది, మార్చాలి’ అన్నారట. వేలల్లో బేరం. ‘డబ్బు కట్టేదా బాబాయ్‌గారూ?’ అంటూ వచ్చాడు.

‘రాత్రి పడుకునేముందు ఏం చేస్తావు?’ అన్నాను.

‘షట్‌డౌన్ చేసి గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేస్తా.’

‘ఇవాళ గోడ స్విచ్ ముట్టుకోకు. పొద్దున టైమెంతో వచ్చి చెప్పు.’

మర్నాడు టైము సరిగ్గానే ఉంది. దొంగ దొరికినట్టే!

విషయం ఇదండీ. కంప్యూటర్ ఆపినా లోపల ఒక గడియారం నడుస్తూనే ఉంటుంది. అందులోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ ఆ గడియారానికి తిండి అక్కడినుంచే. అది ఆగితే మదర్‌బోర్డు మీదున్న రూపాయి బిళ్ళంత బ్యాటరీయే దిక్కు. అన్నట్టు, 1981లో వచ్చిన ఐబీఎం తొలి పీసీకి ఈ సదుపాయమే లేదు. ఆన్ చేసినప్పుడల్లా తేదీ, టైము మనమే కొట్టాలి. 1984లో పీసీ-ఏటీతో బ్యాటరీ గడియారం వచ్చి ఆ బాధ తీర్చింది.

ఆ బిళ్ళ పేరు సాధారణంగా సీఆర్ 2032. అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 3 వోల్టులు. కొన్నేళ్ళకు ఎండిపోతుంది. గోడ స్విచ్ ఆపే ఇళ్ళలో ఇంకాస్త ముందే. దీనికోసం మదర్‌బోర్డు మార్చమనడం, టికెట్టు చిరిగిందని థియేటర్ కొనుక్కోమనడం లాంటిదే!

మార్చడం కష్టమేం కాదు. ముందు బయోస్ తెరిచి (ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే వస్తుంది) అక్కడి సెట్టింగులన్నిటినీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బ్యాటరీ తీస్తే అవి చెరిగిపోవచ్చు. హార్డ్‌డిస్క్ సెట్టింగు మారితే విండోస్ అసలు లేవకపోనూ వచ్చు. తర్వాత ప్లగ్గు పీకి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, క్లిప్పు నొక్కి పాతది తీసి కొత్తది పెట్టడమే. ప్లస్ గుర్తు పైకి కనిపించాలి. తేదీ చేత్తో సరిచేశాక ఆటోమేటిక్ టైమ్ పెట్టుకోండి.

కొత్తది వేసినా గడియారం వెనక్కే పోతుంటే క్లిప్పు వదులైందేమో చూడండి. అదీ కాకపోతే అప్పుడు మదర్‌బోర్డును అనుమానించండి. ఇంకో తమాషా... టైము సరిగ్గా అయిదున్నర గంటలు తేడా వస్తే బ్యాటరీ జోలికి పోకండి. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనెక్స్ రెండూ ఉన్నవాళ్ళకు వచ్చే తగాదా అది. ఒకటి లోపలి గడియారాన్ని మన టైముగా, రెండోది గ్రీన్‌విచ్ టైముగా చదువుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, తీసిన పాత బిళ్ళను బల్ల మీద వదిలేయకండి. పసివాళ్ళు మింగితే గొంతులో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. గడియారానికి చాలని ఆ కాస్త కరెంటే అందుకు చాలు. టేపు చుట్టి ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకు ఇవ్వండి. మింగారన్న అనుమానం వస్తే చాలు, మరేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.