వేసవిలో నిద్రించే పొద

ఆఫ్రికా ఖండపు వాయవ్య తీరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరాన మొదలై, అట్లాంటిక్ సముద్రంలో పడమరగా కానరీ దీవులు పరచుకొని ఉన్నాయి. అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి ఏర్పడిన దీవులివి. అక్కడ కురిసే కొద్దిపాటి వాన శీతకాలంలోనే కురుస్తుంది. వేసవిలో మేఘం కనిపించినా చినుకు రాలడం అరుదు. ఆ కొండచరియల మీద, రాతి సందుల్లో, పాత ఇళ్ల పెంకుల మీద సయితం పెరిగే పొద ఒకటి ఉంది. దాని కొమ్మలు బోసిగా, కర్రవలె ఉంటాయి. ఒక్కొక్క కొమ్మ చివర మాత్రం దళసరి ఆకులు వరుసమీద వరుసగా అమరి, విరిసిన పెద్ద పువ్వును తలపిస్తాయి. దీని పేరు ఇయోనియమ్.

పేరులో ఒక చమత్కారం ఉంది. 1753లో లిన్నేయస్ దీనిని సెంపర్‌వివమ్ అనే ప్రజాతిలో చేర్చాడు. లాటిన్ భాషలో ఆ మాటకు నిత్యం జీవించేది అని అర్థం. 1840లో ఆంగ్లేయుడైన వెబ్, ఫ్రెంచివాడైన బెర్తెలో దీనిని విడదీసి, శాశ్వతమని అర్థమిచ్చే గ్రీకు మాటనుంచి కొత్త పేరు పెట్టారు. పేరు మారినా భావం మారలేదు. కాని ఈ శాశ్వత జీవికి మరణం పువ్వు రూపంలోనే వస్తుంది. కొన్నేళ్లు పెరిగిన ఆకుగుత్తి మధ్యనుంచి పూలకంకి లేస్తుంది. అనేక రకాల్లో అది పసుపుపచ్చని పూలతో నిండుతుంది. పూత ముగియగానే ఆ గుత్తి ఎండిపోతుంది. కొమ్మలు వేసే రకాల్లో మిగతా కొమ్మలు బ్రతికి ఉంటాయి గనుక పొద నిలుస్తుంది. ఒంటి కాండంతో పెరిగే రకాల్లోనైతే మొక్కే పోతుంది.

మెట్ట చోట్ల పెరిగే రకాలు చాలావరకు తమ పత్రరంధ్రాలను పగలు మూసి, రాత్రి తెరుస్తాయి. చల్లని వేళ గాలి పీల్చుకొని, మరునాటి వెలుగులో ఆహారం తయారు చేసుకొంటాయి. పగటి ఎండకు నీరు ఆవిరి కాకుండా ఇది వాటి ఏర్పాటు. అదీ చాలని వేసవిలో అవి నిద్రకు ఉపక్రమిస్తాయి. కింది ఆకులు ఒక్కొక్కటే రాలుతాయి. మిగిలినవి లోపలికి ముడుచుకొని మొగ్గవలె దగ్గరవుతాయి.

తోటమాలి పొరబడేది ఇక్కడే. ఆకులు రాలుతున్న మొక్కను చూచి దాహంతో ఉన్నదని జాలిపడి, కుండీ నిండా నీరు పోస్తాడు. నిద్రలో ఉన్న వేళ్లు ఆ నీటిని పెద్దగా తీసుకోవు. మట్టి తడిగానే ఉండిపోతుంది, కాండం అడుగునుంచి కుళ్లుతుంది. ఎండకు చనిపోయిందని అతడు అనుకొంటాడు. చంపినది అతడు పోసిన నీరే!

ఇంగ్లండుకు నైరుతిగా ఉన్న సిల్లీ దీవులలో ట్రెస్కో అబ్బే ఉద్యానం ఉంది. అగస్టస్ స్మిత్ 1834లో ఈ దీవులకు వచ్చిన తరువాత దానిని నెలకొల్పాడు. ఉష్ణసముద్ర ప్రవాహాల వలన అక్కడ శీతకాలం సాధారణంగా మెత్తగా ఉంటుంది గనుక ఇయోనియమ్‌లు బయటి రాతి గోడల మీదనే పెరుగుతాయి. 1987 జనవరిలో మాత్రం మంచు కురిసి, గడ్డకట్టే చలి పట్టుకొన్నది. ఉద్యానంలోని సున్నితమైన మొక్కలు చాలావరకు నశించాయి. మూడేళ్లకు, 1990 జనవరిలో, పెనుగాలి వీచి రక్షణగా నిలిచిన చెట్లను కూల్చింది. ఆ తోటను మళ్లీ నాటి నిలబెట్టారు.

తోటలో దీనికి తగిన చోటు ఏది? నీరు నిలవని ఏటవాలు నేల, రాళ్ల పేర్పు, సముద్రపు గాలి తగిలే పెరడు, అడుగున రంధ్రమున్న మట్టి కుండీ. ష్వార్ట్స్‌కోప్ఫ్ అనే రకం నలుపుకు చేరువైన ఊదారంగు ఆకులతో ఉంటుంది. జర్మన్ భాషలో ఆ మాటకు నల్లతల అని అర్థం. బూడిదరంగు ఆకుల మొక్కల నడుమ దానిని ఉంచితే కన్ను తిప్పుకోలేరు. ఎండ తగ్గితే ఆ నలుపు ఆకుపచ్చగా మారుతుంది.

తెలుగునాట దీనిని పెంచదలచినవారికి ఒక చిక్కు ఉంది. దీని స్వదేశంలో వాన పడేటప్పుడు మొక్క మేలుకొని ఉంటుంది. మనకు నైరుతి ఋతుపవనం జూన్‌లో, సరిగా అది నిద్రించే కాలంలో వస్తుంది. పైగా మన వేసవి రాత్రులు చల్లబడవు. అందుచేత వేసవి మొదలుకొని వానలు తగ్గేదాకా కుండీని చూరు కింద, ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట ఉంచాలి. ఆకులు మరీ ముడతలు పడితేనే కాస్త తడపాలి. నవంబరునుంచి ఫిబ్రవరి వరకు నీరు ధారాళంగా పోయవచ్చు, మట్టి ఆరిన తరువాతనే సుమా. ఊటీ, బెంగుళూరు వంటి చోట్ల ఇంత అవస్థ ఉండదు.

కాండం సాగి, బోసిపోయి, వికారంగా తయారైతే తల దగ్గర నాలుగైదు అంగుళాల కాండంతో కోయాలి. కోతను కొద్దిరోజులు నీడలో ఆరనిచ్చి, ఇసుక పాలు ఎక్కువైన మట్టిలో గుచ్చాలి. చల్లని నెలల్లో అది కొద్ది వారాలలో వేళ్లూనుకొంటుంది. తల పోయిన మోడును పారవేయనక్కరలేదు. దాని పక్కలనుంచి చిన్న గుత్తులు రెండో మూడో తొంగిచూస్తాయి.